అందరినీ అడిగారు, ఆమెను తప్ప

హనుమకొండ నుంచి 41 ఏళ్ల తమ్ముడొకరు రాశారు. వరంగల్ కొత్తవాడలో దర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానాలు, నేసే ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాస్తున్నారు. ఆ ఉద్యోగం మానేసి, సహజ రంగులు అద్దిన నూలుతో దర్రీలు నేసి సొంతంగా అమ్ముకోవాలని కోరిక. నాన్న మాట్లాడటం మానేశారు. "చదివించింది మళ్లీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడానికా?" అని అన్నయ్య. బావ అయితే పెళ్లిలో నలుగురి ముందు నవ్వారట. "వీళ్లందరినీ ఎలా ఒప్పించాలి?" అని ప్రశ్న.

ఒప్పించలేరు. ఒప్పించనక్కరలేదు కూడా. బావ నవ్వితే నవ్వనివ్వండి. రేపు నాలుగు దర్రీలు అమ్ముడుపోతే "నేను ముందే చెప్పాను" అనేదీ ఆయనే.

మీ నాన్నగారి సంగతి వేరు. కొడుకునైనా మగ్గం నుంచి తప్పించానని నెమ్మదించిన మనిషికి మళ్లీ ఆ భయం పట్టుకుంది. వట్టి భయమని కొట్టిపారేయకండి. 2018లో వరంగల్ దర్రీలకు, ఇవి ఈ ప్రాంతపు సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, సంతోషమే. కానీ అది నూలు బాకీ తీర్చదు, కొనేవాణ్ణి వెతికిపెట్టదు. నూలు ఖర్చెంత, ఎవరికి ఎంతకు అమ్ముతారు అన్నది కాగితం మీద వేసి ఆయనకు చూపండి. లెక్కలు రాయడం మీ వృత్తే కదా!

ఇక మీరు అడగని విషయం. నాలుగు పేజీల ఉత్తరంలో మీ భార్య మనసు గురించి ఉన్నది ఒకే వాక్యం: "ఆమె ఏమీ అనదు." అక్కడే నాకు ఒళ్లు మండింది. ఆమె ప్రైవేటు బడిలో టీచరనీ, ఇంటద్దె, పిల్లల ఫీజులు కొన్నాళ్లు ఆ జీతంతోనే నెట్టుకురావాలనీ మీరే రాశారు. పైగా మగ్గం ఒక్కరితో సాగే పని కాదని కొత్తవాడలో పెరిగిన మీకు నేను చెప్పాలా? నేతకు కావలసిన నూలు కండెలు ఎవరు చుడతారు? మీ అమ్మగారు ఎన్నేళ్లు చుట్టారో, ఆ కూలి ఎవరి పేరున వచ్చిందో గుర్తుచేసుకోండి. బడి నుంచి వచ్చి, వంట ముగించి, రాత్రి రాట్నం ముందు కూర్చోవలసిన మనిషిని ఒక్క మాటా అడగలేదు. ఎప్పుడో పెళ్లిళ్లలో కలిసే బావ మెప్పు కోసం మాత్రం నిద్ర మానుకుంటున్నారు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్లేనని మన ఇళ్లలో ఎవరు నేర్పారో కానీ, చాలా సౌకర్యమైన పాఠం.

అడగండి. ఎన్ని నెలలు తన జీతం మీద నడపగలదు? నగలు తాకట్టుకు వెళ్తాయా, వెళ్లవా? కండెల పనికి కూలి మనిషిని పెడతారా? ఆమె వద్దంటే ఆగండి. ఉద్యోగం ఉంచుకుని ఆదివారాలు నేయండి, మీ నాన్నగారి మగ్గం ఇంట్లోనే ఉందన్నారుగా. సరేనంటే ఎన్ని నెలలో ఇద్దరూ కూర్చుని రాసుకోండి, ఆ గడువు దాటితే మళ్లీ ఉద్యోగం చూసుకుంటానని మాటివ్వండి. రాజీనామా ఆ తర్వాతే.