చలికాలం పరుగు: చీకట్లో ఎందుకు, పొద్దు పొడిచాకే వెళ్లండి

ప్రశ్న: జనవరిలో ముంబై మారథాన్‌కు పేరిచ్చాను. నాలుగున్నర గంటల్లో పూర్తి చేయాలని కోరిక. ఇంకా ఆరు వారాలే ఉంది. రోజూ నాలుగున్నరకు లేచి అద్దంకి రోడ్డు మీద పరుగెత్తుతున్నాను. ఈ వారం ఇగం బాగా పెరిగింది, మొదటి కిలోమీటరులోనే పిక్కలు పట్టేస్తున్నాయి, రెండు రోజులైతే అసలు లేవలేదు. టెన్షన్‌గా ఉంది. వారమంతా ఎలా ప్లాన్ చేసుకోవాలి? ఆఫీసు పదింటికి.
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ముందు ఆ నాలుగున్నర అలారం తీసేయండి. తెల్లవారుజామున పరుగు మనకు ఎండాకాలం నేర్పిన అలవాటు, ఏప్రిల్‌లో ఏడు దాటితే పరుగెత్తలేం కాబట్టి. డిసెంబరులో ఆ అవసరమే లేదు. ఎనిమిదింటికి కూడా హాయిగా పరుగెత్తగలిగే రోజులు మన నల్లగొండలో ఏడాదికి రెండు నెలలే దొరుకుతాయి, వాటిని చీకట్లో ఖర్చు చేయకండి.

చలి కన్నా నాకు ఎక్కువ భయం మీ రోడ్డు గురించి. ఇప్పుడు వడ్ల కాలం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, పైన పరదాలు కప్పి, వాహనాలు ఎక్కకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు. పొగమంచులో ఆ రాయి కాలికి తగిలాకే తెలుస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి బండ్లన్నీ మిగిలిన సగంలోకి వస్తాయి, మీరు పరుగెత్తేదీ అక్కడే. వెనక లైటు లేని ట్రాక్టర్లు సరేసరి. నార్కట్‌పల్లి వైపు మంచు దిగిందంటే పది గజాల దూరంలో ఏముందో కనిపించదు. పానగల్ ఉదయసముద్రం కట్ట మీదికి మారండి, లేదా స్టేడియంలో రౌండ్లు కొట్టండి, అది కూడా వెలుతురు వచ్చాకే.

ఇక పిక్కలు. 14, 15 డిగ్రీలు పరుగుకు చలి కిందికే రాదు, నిజానికి మారథాన్‌లో మంచి టైములు 10 డిగ్రీల అటూఇటూ ఉన్నప్పుడే ఎక్కువగా వస్తాయి. సమస్యల్లా దుప్పట్లోంచి లేచి నేరుగా వేగం అందుకోవడం. చల్లబడిన కండరం బిగుసుకుని ఉంటుంది, దాన్ని ఒక్కసారిగా లాగితే పట్టేస్తుంది. ఇంట్లోనే రెండు నిమిషాలు మడమలు లేపుతూ దించుతూ ఉండండి, తర్వాత పది నిమిషాలు వడివడిగా నడవండి, మొదటి రెండు కిలోమీటర్లు మీకే విసుగొచ్చేంత మెల్లగా వెళ్లండి. వంగి కాళ్లు పట్టుకుని సాగదీసేవన్నీ పరుగయ్యాకే. పరుగు ఆపినా నొప్పి పోకుండా ఒకే చోట ఉంటే, పిక్క వాచినా, డాక్టరుకు చూపించుకోవాలి, ఓర్చుకుని పరుగెత్తే విషయం కాదది.

వారం సంగతి. మారథాన్ 42.2 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలంటే కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు. మీలాంటి చాలామంది రోజూ ఆ వేగంతోనే పరుగెత్తి, ఆదివారం వచ్చేసరికి అలిసిపోతారు. అలా వద్దు. సోమవారం పూర్తి విశ్రాంతి. మంగళ, శుక్రవారాలు 8 కిలోమీటర్ల చొప్పున, కిలోమీటరుకు ఏడు, ఏడుంపావు నిమిషాలతో, అంటే పక్కవాడితో మాట తెగకుండా మాట్లాడగలిగేంత నిదానంగా. బుధవారం 12, అందులో మధ్య 6 మాత్రమే మీ రేసు వేగంతో. గురు, శనివారాలు ఇంట్లో గుంజీళ్లు, మెట్లెక్కడం చాలు. ఆదివారం 26, తర్వాతి ఆదివారం 28, ఆ పై వారం 30, అక్కడితో ఆపి మిగిలిన వారాల్లో తగ్గించుకుంటూ రండి. తప్పిపోయిన రెండు రోజుల బాకీ తీర్చాలని ఒకేరోజు రెండుసార్లు పరుగెత్తకండి.

ఆదివారం లాంగ్ రన్ పొద్దు పొడిచాకే మొదలుపెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. ముంబైలో మన ఇగం ఉండదు, సముద్రపు ఉక్క ఉంటుంది, చివర్లో కాళ్లు లాగేస్తున్నప్పుడు పెద్దార్ రోడ్ ఎత్తు ఎక్కాలి. పది గంటల ఎండ తగిలేదాకా పరుగెత్తిన ఒంటికి ఆ ఉక్క మరీ కొత్తగా అనిపించదు. చలిలో దాహం వేయదు కాబట్టి నీళ్లు మర్చిపోతాం, ప్రతి అరగంటకూ నాలుగు గుక్కలు తాగండి. గంట దాటితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి, ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది, గంటకు ఒకటి కాదు రెండు లెక్కన పెట్టుకోండి. ముందురోజు రాత్రి జొన్నరొట్టె వద్దు, పీచు ఎక్కువ, పొద్దున కడుపు ఇబ్బంది పెడుతుంది. తెల్లన్నం పప్పు తినండి.

ప్రశ్న: నేను 10 కిలోమీటర్ల పరుగుకు సిద్ధమవుతున్నాను. చలిలో పరుగెత్తితే న్యుమోనియా వస్తుందని మా అత్తమ్మ భయం. నాకు కూడా పరుగయ్యాక దగ్గు వస్తోంది. పైగా పొద్దున పిల్లల టిఫిన్ బాక్సులే సరిపోతాయి.
– ఒక గృహిణి, మహబూబ్‌నగర్

జవాబు: జలుబు, న్యుమోనియా క్రిముల వల్ల వస్తాయమ్మా, పరుగు వల్ల కాదు. అత్తమ్మ మాటలో పట్టించుకోవాల్సింది ఒకటుంది: చెమటకు తడిసిన బట్టలతో గాలికి నిలబడితే ఒళ్లు త్వరగా చల్లబడిపోతుంది, ఇంటికి రాగానే పొడిబట్టలు మార్చుకోండి. దగ్గుకు కారణం చల్లటి పొడిగాలి గొంతును ఎండబెట్టడం. పలచటి చున్నీ ముక్కు, నోటి మీదుగా కట్టుకుంటే గాలి కాస్త వెచ్చబడి లోపలికి పోతుంది. పిల్లికూతలు, ఛాతీ బిగిసినట్టు ఉంటే మాత్రం ఆస్తమా కావచ్చు, డాక్టరును కలవకుండా కొనసాగించవద్దు. ముక్కు కారడం ఒక్కటే ఉంటే మెల్లగా పరుగెత్తవచ్చు, జ్వరం, ఒళ్లునొప్పులు ఉంటే మానేయాలి.

టైము అంటారా, పిల్లలను బడికి పంపి తొమ్మిదింటికి పిల్లలమర్రి వైపు బయల్దేరండి. ఈ నెలల్లో ఆ ఎండ ఒంటికి మంచిదే. పొద్దున పరుగెత్తితేనే పరుగు అని ఎవరైనా అంటే వినకండి, మీ ఇల్లు మీకు వదిలిన గంట ఏదో అదే మీ టైము.

ప్రశ్న: గడ్డి మీది మంచుకు బూట్లు రోజూ తడుస్తున్నాయి. ఎండలో పెట్టొచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: నేరుగా ఎండలో, పొయ్యి దగ్గర పెడితే జిగురు ఊడుతుంది. లోపలి అట్ట బయటికి తీసి, పాత పేపరు ఉండలు కుక్కి నీడలో పెట్టండి, రెండు గంటలకు పేపరు మార్చండి. మర్నాటికి ఆరిపోతాయి.