అంబర్‌లో ఇరుక్కున్న పురుగు ఏం చేస్తుండేదో ఎలా చెబుతారు?

"అంబర్‌లో దొరికిన పురుగును చూసి, అది కోట్ల ఏళ్ల కిందట ఎలా బతికిందో చెబుతున్నారు. బంకలో పడి గింజుకుని చచ్చినదాన్ని చూసి ఊహించుకోవడం కాదా?" అని అడిగారు. అంబర్ అంటే కొన్ని చెట్లు కార్చిన గుగ్గిలం లాంటి బంక కోట్ల ఏళ్లలో రాయిలా గట్టిపడినది. ఆ అనుమానం నాకూ ఉండేది. జువాలజీ చదివినన్నాళ్లూ పోలేదు, కోనసీమలో అంబాజీపేట దగ్గర మా కొబ్బరితోటలో పోయింది.

2016 తర్వాత మా వైపు తోటలకు సర్పిలాకార తెల్లదోమ పట్టింది. ఆకు అడుగున తెల్లటి దూది, కింది ఆకుల మీద నల్లటి మసి. మందులు కొట్టినా లాభం లేకపోయింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో తెల్లదోమను తినే అల్లిక రెక్కల పురుగును పెంచి ఇస్తున్నారంటే, ఆ గుడ్లు తెచ్చి ఆకులకు పెట్టాం. కొన్ని రోజులకు నాన్నగారు కిందికి వాలిన మట్ట ఒకటి పట్టుకుని, "ఇలా రా, ఇక్కడ చెత్త నడుస్తోంది" అన్నారు. నిజంగానే పెసరగింజంత చెత్త కదులుతోంది! భూతద్దం పెడితే దాని కింద పిల్లపురుగు కనిపించింది. తాను పీల్చేసిన తెల్లదోమల డొల్లల్ని, వాటి మైనపు పీచుని వీపుకెత్తుకుని తిరుగుతోంది. పుల్లతో ఆ చెత్త తీసేశాను. కాసేపటికి తల వెనక్కి వంచి, దొరికిన పీచుని దొరికినట్టు మళ్లీ వీపున పేర్చుకోవడం మొదలుపెట్టింది. శత్రువుల కంట పడకుండా అదే దానికి ముసుగు.

సరిగ్గా ఆ పనే చేసిన పురుగు స్పెయిన్‌లోని ఎల్ సొప్లావో అంబర్‌లో దొరికింది. వయసు 10 కోట్ల ఏళ్ల పైమాటే. 2012లో దానికి హాలూసినోక్రైసా అని పేరు పెట్టారు. అదీ అల్లిక రెక్కల పురుగుల బంధువు పిల్లే. వీపు మీద చెత్తమూట ఉంది, అంతా ఫెర్న్ మొక్కల నూగు. ఆ నూగు గింజుకున్నప్పుడు అంటుకుందేమో అని మీరు అడగవచ్చు. కానీ దాని వీపున పొడుగాటి గొట్టాల్లాంటి కాడలున్నాయి, కాడల నిండా వెంట్రుకలు, వెంట్రుకల కొసలు బాకా మూతిలా విచ్చుకుని ఉన్నాయి. ఆ నూగంతా వాటి మధ్య బుట్టలో కుక్కినట్టు ఉంది. చెత్త మోయడానికే ఏర్పడ్డ ఒళ్లు అది. అంటే ఇక్కడ సాక్ష్యం పురుగు పడి ఉన్న తీరు ఒక్కటే కాదు, దాని శరీర నిర్మాణం కూడా.

మీ అనుమానంలో నిజం లేకపోలేదు. మా పెరట్లో మునగచెట్టు బంక చూస్తుంటాను. ఒకే ముద్దలో పొద్దున పడ్డ చీమ, సాయంత్రం పడ్డ దోమ పక్కపక్కనే ఉంటాయి. వాటికి ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదు. అంబర్‌లోనూ అంతే. పక్కన ఉండటం వేరు, పట్టుకుని ఉండటం వేరు. బర్మా అంబర్‌లో, సుమారు 9.9 కోట్ల ఏళ్ల కిందటి డైనోసార్ ఈక ఒకటి, దాని పోగును కాలితో పట్టుకున్న పిడుదు దొరికాయి. 2017లో ఆ సంగతి బయటికి వచ్చింది. ఈకలున్న డైనోసార్లను పిడుదులు పట్టేవని చెప్పడానికి అంతకన్నా దగ్గరి సాక్ష్యం ఏముంటుంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్ అంబర్‌లో దొరికిన రాణిచీమలు. మందార కొమ్మకు పిండినల్లి పడితే చుట్టూ చీమలు కాపలా తిరగడం మీరు చూసే ఉంటారు, అది విసర్జించే తియ్యటి రసం కోసం. ఆక్రోపైగా అనే చీమలైతే పిండినల్లులను నేలలో వేళ్ల దగ్గర పెంచుకుంటాయి. కొత్త రాణి జతకట్టడానికి ఎగిరేటప్పుడు పుట్టింటి నుంచి ఒక పిండినల్లిని నోట కరుచుకుపోతుంది. అత్తారింటికి వెళ్లే పిల్ల వెంట పాడి ఆవును తోలినట్టు. సుమారు 1.5 నుంచి 2 కోట్ల ఏళ్ల నాటి అంబర్‌లోనూ రాణులు అలా పిండినల్లితోనే దొరికాయి. ఒక్కటే దొరికితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. ఒకటికి నాలుగు దొరికితే, ఇప్పటి చీమలూ అదే చేస్తుంటే, దాన్ని ఊహ అనలేం.

మన డెల్టా ఒండ్రులో మాత్రం అంబర్ కోసం వెతక్కండి, ఈ నేల వయసు చాలదు. దేశంలో చూడాలంటే గుజరాత్ లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు) గనుల్లో ఉంది. 5 కోట్ల ఏళ్ల పైబడిన ఆ అంబర్, మనం పొగ వేసే గుగ్గిలం చెట్టు కుటుంబానిదే. మునగ బంక ఎందుకు అంబర్ కాలేదో తెలియాలంటే, అదొక ముక్క, గుగ్గిలం ఒక ముక్క రాత్రి నీళ్లలో వేసి ఉంచండి. తెల్లారేసరికి బంక ఉబ్బి మెత్తబడుతుంది, గుగ్గిలం వేసినది వేసినట్టే ఉంటుంది.