డాక్టర్ సలహా: మబ్బు పట్టిన రోజే గొడవ... ఆ అబ్బాయిని కొడితే దారికొస్తాడా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక స్కూల్లో ఏడో తరగతి క్లాస్ టీచర్ని. మా క్లాసులో 12 ఏళ్ల అబ్బాయి ఒకడు ఉన్నాడు. మామూలుగా నెమ్మదస్తుడే కానీ ఉన్నట్టుండి పక్కవాణ్ని కొడతాడు, బెంచీ తోసేస్తాడు. ఈ నెలలో మూడుసార్లు జరిగింది. ఒకసారి మబ్బు పట్టి కరెంటు పోయినప్పుడు, ఇంకోసారి వానకి అందరినీ వరండాలోకి పంపినప్పుడు, మూడోసారి పీఈటీ సార్ వెనక నుంచి భుజం మీద చెయ్యేసినప్పుడు. మిగతా రోజుల్లో డెస్కు మీద తల పెట్టుకుని నిద్రపోతుంటాడు. 2024 వరదల్లో వీళ్లు మూడు రోజులు డాబా మీదే ఉన్నారట. వాళ్ల నాన్న ఆటో మునిగిపోయింది. తర్వాత అప్పులు, తాగుడు, ఇంట్లో చేయి చేసుకోవడం మొదలయ్యాయని వాళ్లమ్మ చెప్పింది. స్టాఫ్ రూమ్‌లో మాత్రం ‘నాలుగు తగిలిస్తే దారికొస్తాడు’ అంటున్నారు. ఇది జబ్బా? ఊరుకుంటే గారాబం చేసినట్టా?
– ఒక టీచర్, విజయవాడ

సలహా: టీచర్ గారూ, సగం జవాబు మీరు రాసినదాంట్లోనే ఉంది. ‘వాడు ఎలాంటివాడు’ అని కాకుండా ‘ఎప్పుడు చేశాడు’ అని రాశారు. మబ్బు, చీకటి, వాన చప్పుడు, వెనక నుంచి పడిన చెయ్యి. మొదటి మూడూ సెప్టెంబర్ 1 నాటి బుడమేరు వాగు వరద నీళ్లను గుర్తు చేసేవి. నాలుగోది బహుశా ఇంటిని గుర్తు చేసేది. అబ్బాయిని చూడకుండా ఇదే కారణమని నేను తేల్చి చెప్పకూడదు. కానీ ముందు చూడాల్సిన దారి మాత్రం ఇదే.

ప్రాణభయం కలిగినప్పుడు మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగం ఒంటికి హెచ్చరిక పంపుతుంది. గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. కొట్టడమో, పారిపోవడమో, కొయ్యబారిపోవడమో జరుగుతుంది. పెద్ద ఆపద చూసిన కొందరు పిల్లల్లో, నీళ్లు తీసిపోయి ఎంతకాలమైనా, ఆ హెచ్చరిక చిన్న గుర్తుకే మోగుతూ ఉంటుంది. ఆ నిమిషంలో ఆలోచించి ఆపుకునే శక్తి బాగా తగ్గిపోతుంది. అందుకే అప్పుడు ‘ఎందుకు కొట్టావురా?’ అని నిలదీస్తే జవాబు రాదు. మొండితనం అనుకుంటాం గానీ చాలాసార్లు వాడికే తెలియదు. నిద్ర సంగతి కూడా ఇక్కడే చూడాలి. నాన్న ఇంటికొచ్చే అలికిడి కోసం రాత్రంతా చెవులు రిక్కించుకుని పడుకున్న పిల్లాడు పగలు బడిలో కాక ఎక్కడ నిద్రపోతాడు? ఒక్కోసారి వాడికి భయం లేకుండా కళ్లు మూసుకోగల చోటు మీ క్లాసే అవుతుంది.

ఇక నాలుగు తగిలించే మాట. దయచేసి వద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. చట్టం పక్కన పెట్టినా, వైద్యుడిగా చెబుతున్నాను: పెద్దవాళ్ల చెయ్యి పైకి లేవడమే వాడి భయమైతే, ఇంకో చెయ్యి లేపి ఆ భయాన్ని తీయలేం.

అలాగని ఊరుకోమని కాదు. దెబ్బ తిన్న పక్క అబ్బాయికీ మీ క్లాసులో భద్రత కావాలి, ముందు వాడి దగ్గరికే వెళ్లండి. తప్పు తప్పేనని ఇతనికీ చెప్పాలి, కానీ ఊపిరి నెమ్మదించాక. అరగంట ఆగి, పక్కకు పిలిచి, తక్కువ మాటల్లో చెప్పండి. తోసిన బెంచీ తనే సర్దాలి, కొట్టిన స్నేహితుడికి తను ఏం చేస్తే బాగుంటుందో తనతోనే చెప్పించాలి. ప్రతిసారీ ఇదే పద్ధతి, ఏ టీచరైనా ఇదే. ఒకరోజు అరుపు, ఒకరోజు జాలి అయితే ఆ పిల్లాడికి టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

గోడ వైపు, వెనక ఎవరూ లేని చోట కూర్చోబెట్టండి. వెనక నుంచి ముట్టుకోవద్దని, ఎదురుగా వచ్చి పేరు పెట్టి పిలవమని పీఈటీ సార్‌కి చెప్పండి. ఇంటి విషయాలు ఆయనకు చెప్పనక్కర్లేదు, స్టాఫ్ రూమ్‌లో అసలే వద్దు. మబ్బు పట్టిన రోజు పొద్దున్నే ‘ఇవాళ వాన రావచ్చు, కరెంటు పోవచ్చు, నేను ఇక్కడే ఉంటాను, కష్టంగా ఉంటే చెయ్యి ఎత్తు, బయటికెళ్లి నీళ్లు తాగి రా’ అని చెప్పి ఉంచండి. ఇంకో మాట. తెలుగు పీరియడ్‌లో ‘నేను చూసిన వరద’ లాంటి వ్యాసాలు ఈ పిల్లల చేత బలవంతంగా రాయించకండి. మనసులోది కక్కేస్తే తేలికవుతుందని మనవాళ్లు నమ్ముతారు. తను చెప్పాలనుకున్నప్పుడు వినాలి గానీ తవ్వకూడదు. ఆ పని శిక్షణ ఉన్నవాళ్లే చెయ్యాలి.

1998లో అమెరికాలో 9,500 మందికి పైగా పెద్దవాళ్లను అడిగి ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. చిన్నప్పుడు ఇంట్లో దెబ్బలు, తాగుడు లాంటివి ఎక్కువగా చూసినవాళ్లలో పెద్దయ్యాక గుండె జబ్బులు, డిప్రెషన్ కూడా ఎక్కువగా కనిపించాయి. దాన్ని చదివి ఇతని భవిష్యత్తు అయిపోయిందనుకోకండి. అది వేలమంది లెక్క, ఒక పిల్లాడి జాతకం కాదు.

అల్లరి చేసే ప్రతి పిల్లాడికీ ఇలాంటి గతం ఉంటుందనీ నేను అనడం లేదు. చూపు, వినికిడి, రక్తహీనత, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవక, అతి చురుగ్గా ఉండే సమస్య), చదవడంలో ఇబ్బంది... ఇవన్నీ పరీక్షించాల్సిందే. పీడకలలు, ఉలికిపాటు, ఆ ఘటన గుర్తొచ్చే చోట్లకు వెళ్లకపోవడం లాంటివి నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ (పెద్ద ఆపద తర్వాత మనసులో మిగిలిపోయే గాయం) ఉందేమో చూస్తాం. ఉంటే మందుల కంటే ముందు కౌన్సెలింగ్ పద్ధతిలో చేసే చికిత్స మొదలుపెడతాం, చాలామంది పిల్లలు బాగా కోలుకుంటారు.

ఇంట్లో దెబ్బల విషయాన్ని మాత్రం వాయిదా వేయకండి. ఒంటి మీద గాయాలు కనిపించినా, ఇంటికెళ్లనని ఏడ్చినా హెడ్మాస్టర్‌కి చెప్పి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. వాళ్లమ్మకి 14416 నంబర్ ఇవ్వండి. అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నాన్న తాగుడుకీ వైద్యం ఉంది, అదీ ఆమెకు చెప్పండి.

అబ్బాయిని విజయవాడ ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్లమనండి. ఈలోగా రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఏ రోజు, ఏ పీరియడ్, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపటికి తేరుకున్నాడు. ఆ కాగితాలు వాళ్లమ్మ చేతికిచ్చి పంపండి. ఓపీలో ఉండే కొద్ది నిమిషాల్లో మేము అడిగి రాబట్టలేనివి వాటిలో ఉంటాయి.

– పిల్లల మానసిక వైద్య నిపుణులు, విజయవాడ