రేవులో ఆగితేనే ముల్లు ఎక్కుతోంది

ప్రశ్న: మాది సఖినేటిపల్లి. ఎనిమిదేళ్ల పెట్రోలు కారు. రోడ్డెక్కితే ఏ గొడవా లేదు. నరసాపురం వెళ్లడానికి రేవులో పంటు కోసం ఏసీ వేసుకుని పావుగంట ఆగామంటే టెంపరేచర్ ముల్లు పైకి పాకుతోంది. బయల్దేరాక మళ్లీ దిగుతోంది. రేడియేటర్ ఫ్యాన్ మోటారు పోయింది, కొత్తది వెయ్యాలంటున్నాడు మెకానిక్. వేయించమంటారా?

జవాబు: అప్పుడే వద్దండీ. ఫ్యాన్ తిరగట్లేదన్న అనుమానం సబబే. కారు పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఆగినప్పుడే ఫ్యాన్‌తో పని. కానీ ఫ్యాన్ ఆగిందంటే మోటారే పోయిందని లెక్క కాదు.

ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్, అంటే రేడియేటర్‌లో తిరిగే చల్లబరిచే ద్రవం, ఎంతుందో చూడండి. వేడి మీద మూత తీశారో, ముఖం కాలుతుంది. కూలెంట్ తగ్గి సెన్సర్ దగ్గర గాలి చేరితే వేడి సరిగ్గా తెలియదు, ఫ్యాన్‌కి కబురే వెళ్లదు. తగ్గింది కదా అని మీ పెరట్లో బోరు నీళ్లు మాత్రం పొయ్యకండి. మన సముద్రం పక్క ఊళ్ల ఉప్పునీళ్లకి రేడియేటర్ లోపల తుప్పూ, పొరా కడతాయి.

తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వెయ్యండి. చాలా కార్లలో ఇంజిన్ వేడెక్కకపోయినా ఏసీతో పాటు ఫ్యాన్ తిరుగుతుంది. తిరగలేదా, ఫ్యూజుల పెట్టెలో ఫ్యాన్ ఫ్యూజు చూడండి. ఆ పెట్టెలోనే ఫ్యాన్ రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్చు, ఉంటుంది. హారన్ రిలే కూడా అదే నంబరుదైతే రెండూ అటూ ఇటూ మార్చి చూడండి, పైసా ఖర్చు లేదు.

అప్పటికీ లేకపోతే మోటారు ప్లగ్ ఊడదీయించి, మధ్యలో ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇప్పించండి. గిర్రున తిరిగితే మోటారు మీద నింద తీసేయొచ్చు. కదలకపోతే రెక్కని ఓ పుల్లతో తొయ్యమనండి. అప్పుడు అందుకుంటే మోటారు లోపల కరెంటు అందించే కార్బన్లు అరిగినట్టు, మీ మెకానిక్ చెప్పిందే రైటు. చేతులు మాత్రం దగ్గర పెట్టొద్దు. ఇంజిన్ ఆపేశాక కూడా కొన్ని కార్లలో ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

ఇక నా అసలు అనుమానం ఎర్తింగ్ మీద, అంటే మోటారు నుంచి కరెంటు కారు బాడీకి తిరిగిపోయే నల్ల వైరు మీద. పని నేర్చుకున్న కొత్తలో ఒక రొయ్యల చెరువు రైతు కారుకి నేనూ ఇలాగే మోటారు మార్చాను. వారం తిరక్కుండా కారు మళ్లీ షెడ్డుకొచ్చింది. ప్లగ్ దగ్గర మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తోంది! మా గురువుగారు మీటరు పక్కన పడేసి, పాత హెడ్‌లైటు బల్బు ఒకటి ఆ ప్లగ్‌కే తగిలించారు. బల్బు గుడ్డిగా, ఎర్రగా వెలిగింది. వైరులో ఒక్క రాగి పోగు మిగిలినా మీటరుకి చాలు, వోల్టులు చూపిస్తుంది. మోటారుకి పది ఆంపియర్లకి పైనే కావాలి, ఆ పోగు మోయలేదు. నల్ల వైరు వెంటపోతే బాడీకి బిగించిన బోల్టు కింద పచ్చటి చిలుం. తొడుగు చీరితే రాగి కాస్తా నల్లపొడి అయిపోయింది. మోటారు మార్చినప్పుడు వైరు కదిలి వారం పనిచేసిందంతే. ఆ డబ్బులు తిరిగిచ్చేశాను, ఇంట్లో చెప్పలేదు లెండి.

మీ కారుకీ అదే బల్బు పరీక్ష చేయించండి. ఏసీ వేసి ఉంచాలి, లేకపోతే ప్లగ్‌లో కరెంటే రాదు. బల్బు గుడ్డిగా వెలిగితే నల్ల వైరు బదులు బ్యాటరీ నెగెటివ్ నుంచి వేరే వైరు ఇచ్చి చూడమనండి. తెల్లగా వెలిగిందా, దొంగ దొరికినట్టే. బోల్టు గరుకు కాగితంతో తోమి, చివర చెడిన వైరు కోసి కొత్త లగ్గు (బోల్టు కింద పట్టే రింగు) వేసి, గ్రీజు పూసి బిగిస్తే సరిపోతుంది.

ఈలోగా రేవులో ముల్లు కదిలితే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరు ఫుల్లుగా పెట్టండి, ఇంజిన్ వేడి కొంత అటు లాగేస్తుంది. లోపల మీకు ఉక్కపోస్తుంది, తప్పదు. అప్పటికీ దిగకపోతే ఇంజిన్ ఆపేసి కిందికి దిగి నించోండి, పంటు ఎటూ వెంటనే రాదుగా.