విశాఖలో అద్దె ఇంటికి ఏ మెటీరియల్ మన్నుతుంది?
పెదవాల్తేరులో రెండు పోర్షన్లు అద్దెకివ్వాలి, తక్కువ ఖర్చులో ఏది ఎక్కువకాలం నిలుస్తుంది అని అడిగారు. సముద్రం అంత దగ్గరలో ముందు చూడాల్సింది ఉప్పుగాలి. కిటికీలకు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) గానీ, పౌడర్ కోటింగ్ ఉన్న అల్యూమినియం గానీ పెట్టించండి. గ్రిల్స్ ఇనుమువే అయితే మామూలు రెడాక్సైడ్‌తో సరిపెట్టకుండా ఎపాక్సీ ప్రైమర్ కొట్టించండి. బిగించే ముందు వెల్డింగ్ అతుకులను దగ్గరగా చూడండి, తుప్పు తరచుగా మొదలయ్యేది అక్కడే. బయటి బోల్టులు, గడియలకు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కంటే 316 రకం మేలు. అందులో ఉండే మాలిబ్డినం అనే లోహం వల్ల అది ఉప్పును బాగా తట్టుకుంటుంది. రేటు ఎక్కువే, కానీ కావాల్సినవి కొన్నే కదా.

నేలకు విట్రిఫైడ్ టైల్స్ చాలు. ఒక పెట్టె అదనంగా కొని అటక మీద పెట్టండి, తర్వాత అదే డిజైన్ దొరకడం కష్టం. బాత్రూంలో జారని మ్యాట్ టైల్స్, పీవీసీ తలుపు. వంటగట్టుకు నల్ల గ్రానైట్.

గోడలకు డిస్టెంపర్ వద్దు. తుడిస్తే మరక పోయే ఎమల్షన్, అన్ని గదులకూ ఒకే లేత రంగు వేయించి, షేడ్ నంబరు రాసిపెట్టుకోండి. ఇల్లు ఖాళీ అయినప్పుడు పాడైన గోడ ఒక్కటే వేయించుకోవచ్చు. స్లాబు కారుతుంటే మాత్రం ముందు అది బాగుచేయించండి, చెమ్మ గోడ మీద ఏ రంగూ నిలవదు.