టెర్మినల్‌కు దొరికిన ఎన్‌పీఎం ఎడిటర్‌కు ఎందుకు దొరకదు?

ప్రశ్న: మ్యాక్‌లో విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్ వాడుతున్నాను. అందులో పెట్టుకున్న ఒక ఎక్స్‌టెన్షన్ తనకు కావలసిన ప్యాకేజీలను ఎన్‌పీఎం (నోడ్‌తో వచ్చే ప్యాకేజీ మేనేజర్) ద్వారా తెచ్చుకోవాలి. తెరిచినప్పుడల్లా ‘ఎన్‌పీఎం దొరకలేదు’ అంటోంది. టెర్మినల్‌లో మాత్రం ఎన్‌పీఎం చక్కగా నడుస్తోంది. జావాస్క్రిప్టును నడిపే నోడ్‌ను, దాని వెర్షన్లను మార్చుకోనిచ్చే ఎన్‌వీఎంతో వేసుకున్నాను. ఎక్స్‌టెన్షన్‌ను మూడుసార్లు తీసి మళ్లీ పెట్టినా ఫలితం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: నాలుగోసారి తీయకండి. చిక్కు ఎక్స్‌టెన్షన్‌లో లేదు. మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన మాట ‘ఎన్‌వీఎం’. అది నోడ్‌ను మీ హోమ్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే ఒక దాపుడు ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ చిరునామాను ‘పాత్’లో, అంటే ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో, చేర్చే వరుసలు జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ (.zshrc) అనే సెట్టింగుల ఫైలులో ఉంటాయి. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ ఆ ఫైలును చదువుతుంది. డాక్‌లోని బొమ్మ నొక్కి తెరిచిన ఎడిటర్‌కు ఆ చిరునామా దానంతట అది అందదు. అందుకే ఎడిటర్ లోలోపల ఒక షెల్‌ను (టెర్మినల్‌లో మన ఆదేశాలు అందుకునే ప్రోగ్రామును) నడిపి పాత్‌ను అడిగి తెలుసుకుంటుంది. మామూలుగా 10 సెకన్లు ఆగి, జవాబు రాకపోతే వదిలేస్తుంది.

ముందుగా అవుట్‌పుట్ ప్యానెల్ తెరిచి, ఎక్స్‌టెన్షన్ పేరు ఎంచుకోండి. ‘స్పాన్ ఎన్‌పీఎం ఈనోయెంట్’ (spawn npm ENOENT, అంటే ఎన్‌పీఎం దొరకలేదని) కనిపిస్తే నేను చెప్పిందే జరుగుతోంది. ‘ఈయాక్సెస్’ (EACCES) అని ఉంటే అది అనుమతుల గొడవ, దారి వేరు. అప్పుడు కూడా దయచేసి సుడోతో, అంటే రూట్ అనే సర్వాధికార ఖాతా హక్కులతో, ఎన్‌పీఎం నడపకండి. ఫైళ్లు రూట్ పేరు మీదికి వెళ్లి, రేపు ఇంకో తలనొప్పి మొదలవుతుంది.

ఇప్పుడు ఎడిటర్‌ను కమాండ్, క్యూ నొక్కి పూర్తిగా మూయండి. కిటికీ మూస్తే చాలదు. టెర్మినల్‌లో ప్రాజెక్టు ఫోల్డర్‌కు వెళ్లి ‘కోడ్’ అని కొట్టి, ఖాళీ వదిలి, చుక్క పెట్టండి. ఎక్స్‌టెన్షన్ పనిచేసిందా? అయితే టెర్మినల్ పాతే ఎడిటర్‌కు అందిందన్నమాట, రోగం దొరికినట్టే.

చాలామంది ఇక్కడ ఎన్‌పీఎం పూర్తి చిరునామాను ఎక్స్‌టెన్షన్ సెట్టింగులలో రాస్తారు. నేనూ అలాగే రాసి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఎన్‌పీఎం దొరికింది, కానీ ఈసారి ‘నోడ్’ దొరకలేదన్న సందేశం వచ్చింది! ఎన్‌పీఎం స్వయంగా ఒక నోడ్ స్క్రిప్టు. దాని మొదటి వరుసే నోడ్‌ను పాత్‌లో వెతకమంటుంది. పైగా ఎన్‌వీఎం చిరునామాలో వెర్షన్ సంఖ్య ఉంటుంది కాబట్టి, నోడ్ మార్చిన రోజున ఆ సెట్టింగు చెల్లకుండా పోతుంది.

కాబట్టి అసలు మూలాన్నే సరిచేయండి. ‘ఎన్‌వీఎం ఏలియాస్ డిఫాల్ట్’ ఆదేశంతో ఒక వెర్షన్‌ను ఖాయం చేయండి. అది లేకపోతే కొత్త షెల్‌కు నోడ్ అందకపోవచ్చు. తర్వాత కొత్త టెర్మినల్ తెరిచి, అది సిద్ధం కావడానికి ఎంతసేపు పడుతోందో గడియారం పెట్టుకుని చూడండి. ఆలస్యమవుతుంటే జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీలోని బరువైన వరుసలను ఒక్కొక్కటిగా పక్కనపెట్టి పరీక్షించండి.

విండోస్ పాఠకులకు ఒక్క మాట: నోడ్ వేసే సమయానికే తెరిచి ఉన్న ఎడిటర్‌కు కొత్త పాత్ తెలియదు. అన్ని కిటికీలూ మూసి మళ్లీ తెరవండి.

అయినా కుదరకపోతే, మూలన మెరిసి మాయమయ్యే సందేశం కాకుండా, అవుట్‌పుట్ ప్యానెల్‌లోని వరుసలన్నీ రాసి పంపండి.