గర్భం ఏడో వారంలో పరుగెత్తితే ఆయాసం: ఏం చేయాలి?

ఇదివరకు అరగంట తేలిగ్గా పరుగెత్తేదాన్ని, ఇప్పుడు ఏడో వారంలో పది నిమిషాలకే ఆయాసం వస్తోంది, బిడ్డకేమైనా అవుతుందా అని అడిగారు. ముందు ఆ భయం తగ్గించుకోండి. ఇతర ఇబ్బందులేమీ లేని గర్భంలో ఓ మోస్తరు వ్యాయామం వల్ల గర్భస్రావం ముప్పు పెరగదు.

మీ ఒంట్లో సత్తువ పోయిందనీ అనుకోకండి. ప్రొజెస్టిరాన్ హార్మోన్ వల్ల ఈ రోజుల్లో ఊపిరి లోతుగా తీసుకుంటాం. గుండె ఊరికే కూర్చున్నా మునుపటికంటే వేగంగా కొట్టుకుంటుంది. అందుకే పాత వేగం ఇప్పుడు బరువుగా అనిపిస్తుంది.

గుండె వేగం నిమిషానికి 140 దాటకూడదని ఎవరైనా చెబితే కంగారు పడకండి. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 1985లో పెట్టిన ఆ పరిమితిని 1994లో అదే తీసేసింది. నన్నడిగితే వాచీకంటే మాటే నమ్మకమైన కొలత. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం చెప్పగలిగితే ఆ వేగం సరిపోతుంది. మధ్యలో ఊపిరికి ఆగాల్సి వస్తే నడకలోకి మారండి. వారానికి 150 నిమిషాలు చాలు. దాన్ని చిన్న ముక్కలుగా చేసుకోవచ్చు, వేగంగా నడిచినా లెక్కే.

వాంతులతో నీళ్లు కూడా నిలవని రోజు పూర్తిగా మానేయండి, ఆ రోజు విశ్రాంతే మీకు కావాలి. ఒళ్లు బాగా వేడెక్కే చోట, ఎండ మండే వేళ వద్దు.

రక్తస్రావం, కళ్లు తిరగడం, ఛాతీలో నొప్పి, పిక్కలో నొప్పి లేదా వాపు, కదలకుండా ఉన్నా ఆయాసం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. బీపీ, గుండె జబ్బు, గతంలో గర్భం నిలవకపోవడం లాంటివి ఉంటే మాత్రం రేపటి పరుగుకు ముందే డాక్టరును అడగండి.